తాళం పడిన మిద్దె

ప్రశ్న: మా తాతగారి చవుడు మిద్దె (దూలాల మీద చవుడు మన్ను పరిచిన కప్పు గల ఇల్లు) పదేళ్లుగా తాళం వేసి ఉంది. బాగుచేయించి, కూలి పనులకు వచ్చే కుటుంబాలకు తక్కువ బాడుగకు ఇవ్వవచ్చునా? – ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఇవ్వవచ్చునమ్మా. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా తేలాయి. మీ మిద్దె వంటివి వాటిలో ఎన్నో ఉండి ఉంటాయి. ఖాళీ ఇళ్లను చవక బాడుగకిచ్చే కేంద్ర పథకం 2020లో వచ్చినా, అది ప్రభుత్వ నిధులతో కట్టినవాటికే గనుక మీకు అక్కరకు రాదు.

ముందుగా, ఆడపిల్లలతో సహా వారసులందరి సమ్మతినీ కాగితంపై తీసుకోండి. ఇల్లు పాడుపడేది చాలాసార్లు వాన వల్ల కాదు, వాటాల వల్లనే. ఆ తరువాత దూలాలు గోడలో దిగినచోట మేకుతో పొడిచి చూడండి. మేకు పిండిలోకి దిగినట్టు దిగితే చెద తిన్నదని అర్థం, ఆ దూలం మార్చవలసిందే. కారుతున్నదని కప్పు మీద ఏటా కొత్త మన్ను పోస్తూపోతే బరువు పెరుగుతుంది కాబట్టి పాతది తీసి కొత్తది పరిపించండి. మట్టిగోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి గోడ గుల్లబారుతుంది, సున్నమే మేలు. ఏడాదికి మించిన బాడుగ ఒప్పందాన్నే రిజిస్టరు చేయించాలని అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు గానీ, ఆంధ్రప్రదేశ్‌లో గడువు ఎంతైనా బాడుగ ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి.