పెడల్ వదిలాక ఏమవుతుందో ముందు చూడు

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఆ పాత మారుతి ఎస్టీమ్ కారు బ్రేకులన్నీ ఊడదీసి కుప్పపోసిందిరా. సర్వో తీసేస్తుందట, పెడల్ బాక్స్ వేస్తుందట. నువ్వైనా చెప్పు" అంది. చెప్పమంటే వద్దని చెప్పమని. నేను వద్దనను. మన ఇంట్లో ఒక ఆడపిల్ల ట్రాక్ కారు బ్రేకులు తన చేత్తో బిగించుకుంటోందంటే నాకెంత గర్వంగా ఉందో రాసి చెప్పలేను. రాత్రి నిద్ర పట్టని మాట కూడా నిజమే. అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. కాలి బలాన్ని పెంచే సర్వో తీసిన కారు రోడ్డెక్కకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అలాంటి మార్పులు ఒప్పుకోదు, ట్రాక్‌కి ట్రెయిలర్ మీదే తీసుకెళ్ళు. బ్రేక్ ఆయిలు కొనేటప్పుడు డాట్ 5 అని రాసి ఉన్న డబ్బా ముట్టుకోకు, అది సిలికాన్ ఆయిలు. డాట్ 4 గానీ 5.1 గానీ కొత్త సీలున్నది తీసుకో. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగెయ్యి. రెండు మాస్టర్ సిలిండర్లతో ఉండే పెడల్ బాక్స్ బిగించే చోట, ఇంజనుకీ సీట్లకీ మధ్య రేకుగోడ అయిన ఫైర్‌వాల్‌కి వెనక ఉక్కు ప్లేటు వెయ్యి. ఒకళ్ళని గట్టిగా తొక్కమని నువ్వు బానెట్ వైపు నుంచి చూడు, రేకు కదిలినట్టు కంటికి కనిపిస్తే ఆ పని ఇంకా అయిపోలేదన్నమాట.

పెడల్ తొక్కితే ఆయిల్ని తోసే మాస్టర్ సిలిండర్ సైజు గురించి నువ్వు అన్నకి పంపిన మెసేజ్ చూశాను. ముప్పావు అంగుళమా, 5/8 అంగుళమా అని. లెక్క వేసుకో. నీ కాలు 40 కిలోల బలంతో తొక్కితే, పెడల్ నిష్పత్తి 6 అయితే ఆ బలాన్ని రెండు సిలిండర్లకీ పంచే బ్యాలెన్స్ బార్ మీద 240 కిలోలు. రెండు సిలిండర్లకీ సమంగా పంచితే తలా 120. ముప్పావు అంగుళం బోర్‌లో అది చదరపు సెంటీమీటరుకి 42 కిలోల ఒత్తిడి, 5/8లో 61. చిన్న బోర్ వేస్తే కాలికి సుఖం, కానీ పెడల్ అంత ఎక్కువ లోపలికి పోతుంది. సర్వో లేని కారుకి నేనైతే ముందు 5/8తోనే మొదలుపెడతాను. పాత పెడల్ నిష్పత్తి నాలుగు దరిదాపుల్లో ఉంటుంది, సర్వో అండ చూసుకుని అలా చేస్తారు. అది ఉంచుకుని సర్వో ఒక్కటే పీకేద్దామనుకోకు.

పైపుల దగ్గర మాత్రం తిడతాను. ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలాగే నీ కారులో కూడా పైపులు ఏటవాలుగా ఉంటాయి, ముందు కుడికి వెనక ఎడమ జత. బ్యాలెన్స్ బార్ పనిచెయ్యాలంటే ముందువి రెండూ ఒక సిలిండర్‌కి, వెనకవి రెండూ ఇంకో సిలిండర్‌కి పోవాలి. వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గించే పాత ప్రపోర్షనింగ్ వాల్వ్ కూడా తీసెయ్యాలి. అంటే పైపులన్నీ కొత్తవే. అక్కడ "ఈ నట్టు పట్టేసిందిలే" అనే మాట నీ నోట రాకూడదు. 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలున్న నట్టు 10 మిల్లీమీటర్ల మరలోకి వదులుగా ఎక్కేస్తుంది. బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా తొక్కిన రోజున ఊడుతుంది. ప్రతి నట్టునీ మర గేజ్ పెట్టి చూడు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదకొండింటికి ఒంటరిగా ఈ పని చేస్తున్నావట. ఆ వేళ చెయ్యకు. నీ తెలివి తక్కువని కాదు, కళ్ళు అలిసిపోతాయి తల్లీ.

ఇప్పుడు అసలు సంగతి.

మద్రాసు దగ్గర షోళవరంలో రేసులు జరిగే రోజులవి. రెండో ప్రపంచయుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు పెట్టేవాళ్ళు, పొడుగ్గా తిన్నగా ఉండే దారి, దాని చివర మలుపు, గడ్డిమోపులు, వాటి వెనకే జనం. నేను పనిచేసిన షెడ్డులో ఒక ఫియట్‌కి ముందు డిస్కులు తెచ్చి వేసి, జంట మాస్టర్ సిలిండర్లు పెట్టాం. డ్రైవరు పెడల్ కిందికి పోతోందన్నాడు. మా మేస్త్రీ గొప్ప పనివాడు, నాకు స్పానరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. పెడల్ నుంచి సిలిండర్ పిస్టన్లని తోసే పుష్‌రాడ్లు రెండు చుట్లు పొడుగు చేసి లాక్‌నట్లు బిగించాడు. పెడల్ పైకొచ్చింది, గట్టిపడింది. చక్రాలు ఎత్తి తిప్పి చూశాం, హాయిగా తిరిగాయి. అందరం సంతోషించాం.

మాస్టర్ సిలిండర్లో సన్నటి రంధ్రం ఒకటుంటుంది, పిస్టన్ పూర్తిగా వెనక్కొస్తేనే అది తెరుచుకుంటుంది. బ్రేకులు కాలినప్పుడు ఉబ్బిన ఆయిలు ఆ దారినే రిజర్వాయర్లోకి పోవాలి. పుష్‌రాడ్ పొడుగైతే పిస్టన్ ఆఖరి మిల్లీమీటరు వెనక్కి రాలేదు, దారి మూసుకుపోయింది. చల్లగా ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. నాలుగు చుట్లు తిరిగేసరికి ఆయిలు ఉబ్బి ప్యాడ్లని నొక్కడం మొదలుపెట్టింది, నొక్కినకొద్దీ ఇంకా వేడి, వేడెక్కినకొద్దీ ఇంకా నొక్కుడు. బండి నీరసించిందని, కార్బురేటర్ అనుకున్నాం మేము. ఆ మలుపు దగ్గర ముందు చక్రాలు రెండూ పట్టేశాయి. స్టీరింగ్ తిప్పినా కారు తిరగలేదు, తిన్నగా గడ్డిమోపుల్లోకి పోయింది. డ్రైవరుకి మెడ ఎముక విరిగింది. మోపుల వెనక పిల్లలు నిలబడి ఉన్నారు, వాళ్ళ దాకా రాలేదు.

తోస్తే కారు కదలదు. మేస్త్రీ వంగి ముందు చక్రం దగ్గర గాలి తీసే నిప్పిల్ పావు చుట్టు వదిలాడు. పెడల్ మీద ఎవరి కాలూ లేదు, అయినా ఆయిలు పిచికారీలా ఎగిరి ఆయన చొక్కా మీద పడింది. చక్రం ఆ క్షణంలోనే వదిలింది. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు, చాలాసేపు లేవలేదు. ఒక గంట ఆగి ఉంటే అంతా చల్లారి చక్రాలు వాటంతట అవే వదిలేవి, తప్పెక్కడుందో మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

అందుకే, నువ్వు మొదటిసారి బిగించాక నాకోసం ఈ పని చెయ్యి. రిజర్వాయర్ మూత తీసి, లైటు వేసి, పెడల్‌ని వేళ్ళతో మెల్లగా నొక్కు. మొదటి రవ్వంత కదలికలో ఆయిలు కింద నుంచి చిన్నగా చిమ్మాలి. చిమ్మితే రంధ్రం తెరిచే ఉందని. రెండు రిజర్వాయర్లలోనూ చూడు. పెడల్ వదిలాక పుష్‌రాడ్ వేళ్ళకి కొంచెం ఆడాలి. పెడల్ కింద పడిందనిపిస్తే పుష్‌రాడ్ జోలికి పోకు, కారణం ఇంకెక్కడో వెతుకు. నీ ఎస్టీమ్‌కి వెనక డ్రమ్ములు కదా, షూలు వదులుగా ఉంటే వెనక సిలిండర్ ప్రయాణమంతా అక్కడే ఖర్చయిపోయి బార్ వంకరపడుతుంది. మొదట ఆ షూలు సర్దు. ఇంకా కిందికే పోతుంటే గాలి మిగిలిందన్నమాట.

గాలి తీసేటప్పుడు ముందు నిప్పిల్, వెనక నిప్పిల్ ఒకేసారి తెరవాలి, లేకపోతే బార్ ఒక పక్కకి వాలిపోతుంది. ముగ్గురు కావాలి దీనికి. నీకు ఏడేళ్ళప్పుడు మన షెడ్డులో సీటు అంచున కూర్చుని, కాలు అందక స్టీరింగ్ పట్టుకుని వేలాడుతూ పెడల్ కొట్టేదానివి. నేను కింద నుంచి "కొట్టు, పట్టుకో" అంటే, "వదలొచ్చా మామయ్యా" అని అడిగేదానివి, చెప్పకుండా ఒక్కసారి కూడా వదల్లేదు. అలాంటి మనిషినే పెడల్ మీద కూర్చోబెట్టుకో.

గాలి తీశాక ఒక నిప్పిల్ కావాలని వదిలేసి తొక్కి చూడు. ఒక వైపు ఆయిలు పోయినా పెడల్ నేలకి తగలకుండా రెండో వైపు చక్రాలు పట్టాలి. పట్టకపోతే బార్ అమరిక తప్పు. బ్యాలెన్స్ ముందు వైపుకే ఎక్కువ ఉంచి మొదలుపెట్టు. వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే కారు గిర్రున తిరుగుతుంది.

ట్రాక్‌లో మొదటి రోజు టైము చూసుకోవద్దు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ చుట్టు 3.717 కిలోమీటర్లు, నాలుగైదు చుట్లకే బ్రేకులు బాగా కాలతాయి. వెంటనే లోపలికి వచ్చెయ్యి. వేడి మీదే జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ టైరు పట్టుకుని తిప్పి చూడు, డిస్కుకి చెయ్యి తగలనివ్వకు. చల్లారాక తిప్పి చూసి బాగుందని నాకు చెప్పొద్దు.

రిజర్వాయర్‌లో ఆయిలు చిమ్మేది వీడియో తీసి పంపు. తారీఖు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. జాకీ నేను తెస్తాను.

ఇట్లు,
మీ మామయ్య