పెరూ వెళ్తే సిపాన్ నగలు చూడటానికి లాంబయేకే దాకా వెళ్ళాలా?

"లిమా మ్యూజియాల్లోనే పాత సమాధుల బంగారం బోలెడు ఉంది కదా, అంత దూరం దేనికి?" అని అడిగారు. వెళ్ళండి. లిమాలో ఒక రోజు తగ్గించుకునైనా వెళ్ళండి. సిపాన్ అంటే పెరూ ఉత్తర తీరంలో, పాతకాలపు మోచే జనం తమ ప్రభువులను నగలతో సహా పాతిపెట్టిన చోటు. అక్కడ దొరికిన నగలు లాంబయేకే పట్నంలోని మ్యూజియంలో ఉన్నాయి. చిక్లాయో నగరం దాకా విమానం ఉంది, అక్కడి నుంచి లాంబయేకే దగ్గరే.

మాది అనంతపురం జిల్లా, చెనిక్కాయ పండించే ఇల్లు. లాంబయేకేలోని రాజసమాధుల మ్యూజియంలో మా అమ్మ ఒక హారం ముందు ఆగిపోయింది. పూసలన్నీ వేరుశనగ కాయలే! అసలు కాయ కంటే పెద్దవి, పది బంగారానివి, పది వెండివి. బంగారం కుడివైపు, వెండి ఎడమవైపు. కాయ నడుమ నొక్కు, పెంకు మీది గీతలు కూడా వదల్లేదు. "ఈ కంసాలి చేలో దిగి కాయ పెరికినోడే రా" అంది అమ్మ. ఎందుకు కాదు? ఆ పంట పుట్టిల్లు దక్షిణ అమెరికానే. దాదాపు 1700 ఏళ్ళ కిందటి మోచే ప్రభువు మెడలో వేరుశనగ ఉందంటే, ఆ పంటకి వాళ్ళిచ్చిన విలువ అది.

మా పక్కనే ఒక గైడు మాత్రం ప్రతి అద్దాల పెట్టె దగ్గరా బంగారం ఎంత, ఖరీదెంత అనే చెప్తున్నాడు. చెవి కమ్మల మీద బొటనవేలంత యోధుడు ఉన్నాడు, వాడి ముక్కుకి వేలాడే బుల్లి నగ విడిగా కదులుతుంది. దాని గురించి ఒక్క ముక్క లేదు! నాకు ఒళ్ళు మండింది.

ఇంకో కోపం దొంగ తవ్వకాల మీద. 1987లో సిపాన్‌లో దొంగలు ఒక సమాధిని దోచేశాకే పురావస్తు శాస్త్రవేత్త వాల్టర్ ఆల్వా బృందం అక్కడ తవ్వకం మొదలుపెట్టి, చెక్కుచెదరని ఈ హారం ప్రభువు సమాధిని బయటికి తీసింది. ఏ నగ ఒంటి మీద ఎక్కడుందో తెలిసింది కాబట్టే, మోచే కుండల మీద బొమ్మల్లో కనిపించే యోధ పూజారి వేషం ఇదేనని పోల్చగలిగారు. దోచిన సమాధి నుంచి పోయిన బంగారు నడుము కవచం 1997లో ఫిలడెల్ఫియాలో ఎఫ్‌బీఐకి చిక్కి, మరుసటి ఏడాది పెరూ చేరింది. వస్తువైతే వచ్చింది, అది ఎవరి ఒంటి మీదిదో ఇక ఎవరు చెప్తారు? చాలా దేశాల మ్యూజియాల్లో "పెరూ, ఉత్తర తీరం" అన్న చీటీతో సరిపెట్టిన నగలు కనిపించేది ఇందుకే.

లిమాలో లార్కో మ్యూజియం మాత్రం ముందే చూసేయండి. అక్కడి మోచే కుండలు చూసి వెళ్తే, లాంబయేకేలో ఏ నగ ఎవరు పెట్టుకునేవారో మీకే అర్థమవుతుంది, గైడు అక్కర్లేదు.