టెక్ సందేహాలు: 14 వేల చైనా గిటార్ కొనొచ్చా?

"మాది విజయనగరం పూల్‌బాగ్. మా గుంటడు ఇంజినీరింగ్ రెండో ఏడు. ఏడాదిగా స్నేహితుడి గిటార్ మీద నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ కావాలంటున్నాడు. ఆన్‌లైన్‌లో ఒక చైనా గిటార్ 14 వేలకు ఉంది. అలాంటిదే జర్మనీ సైట్‌లో ఇంకా తక్కువ, 13 వేలే పడుతుందట. ఇంపోర్టెడ్ కాబట్టి బాగుంటుందని వాడి వాదన, చైనాది కాబట్టి వద్దని నా వాదన. మీరు ఎవరి వైపు?"

ఇద్దరి వైపూ కాదండీ. ఏ దేశంలో తయారైందన్న దాన్ని బట్టి ఈ ధరలో గిటార్ నాణ్యత తేలదు. పేరున్న కంపెనీలు కూడా తక్కువ ధర రకాలను అక్కడే చేయిస్తున్నాయి. ఫెండర్ వాళ్ల స్క్వయర్ గిటార్లు చైనా, ఇండోనేషియాల నుంచి వస్తాయి. గిబ్సన్ వాళ్ల ఎపిఫోన్‌కు చైనాలో ఫ్యాక్టరీ ఉంది. యమహా పసిఫికా ఇండోనేషియాలో తయారవుతుంది. కొరియా కంపెనీ కోర్ట్ ఇండోనేషియా ఫ్యాక్టరీలో తన పేరుతోనే కాక వేరే బ్రాండ్లకు కూడా చేసిపెడుతుంది.

కొంతకాలంగా చవక గిటార్లు బాగుపడటానికి కారణం సీఎన్‌సీ మిషన్లు. చెక్కను కోయడం, మెడ చెక్కడం, ఫ్రెట్లకు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లకు) గాళ్లు తీయడం కంప్యూటర్ చెప్పినట్టు జరిగిపోతాయి. 14 వేల గిటార్‌కైనా లక్ష గిటార్‌కైనా ఆ కొలతల్లో పెద్ద తేడా రాదు. కంపెనీ ఖర్చు తగ్గించుకునేది చివర్లో, మనిషి చేత్తో చేయాల్సిన పనిలో. ఫ్రెట్ల అంచులు ఆకురాయితో నున్నగా చేయడం, తీగలు కూర్చునే నట్‌లో గాళ్లు సరైన లోతుకు తీయడం, తీగల ఎత్తు సర్దడం వంటివన్నమాట. ట్యూనింగ్ కీస్, స్విచ్, వాల్యూమ్ తిప్పే పాట్‌లు కూడా నాసివి వేస్తారు. అందుకే ఒకే మోడల్ గిటార్లు రెండు కొంటే ఒకటి హాయిగా పలుకుతుంది, రెండోది వేళ్లు కోస్తుంది. నెట్‌లో రివ్యూ చేసినవాడి చేతికి వచ్చింది మీ ఇంటికి వచ్చే గిటార్ కాదు, ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక విదేశీ వాయిద్యం అన్న బెంగ విజయనగరం వాళ్లకు అక్కర్లేదు. 1919లో మొదలైన మీ ఊరి సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నేర్పిన వయొలిన్ ఎక్కడి నుంచి వచ్చింది? కరెంటుతో పలికే వాయిద్యం మీద కర్ణాటక సంగీతం వాయించి పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ ప్రపంచమంతా తిరిగొచ్చాడు కూడా.

జర్మనీ సైట్ సంగతికొద్దాం. ఆ 13 వేలు గిటార్ ధర మాత్రమే. గిటార్ పెట్టె పొడుగు కాబట్టి రవాణా ఖర్చు గట్టిగానే ఉంటుంది. 5 వేలు అనుకుందాం. కస్టమ్స్ వాళ్లు సుంకం లెక్కగట్టేది ఈ రెండూ కలిపిన మొత్తం మీద, అంటే 18 వేల మీద. సుంకం 20 శాతం అనుకుంటే 3,600. ఇప్పుడు 21,600 అయింది. దాని మీద ఐజీఎస్టీ 18 శాతం వేస్తే ఇంకో 3,888. అంటే పన్ను మీద పన్ను. మొత్తం 25 వేలు దాటింది, కొరియర్ వాళ్ల క్లియరెన్స్ ఛార్జీ ఇంకా కలపలేదు. సుంకం రేట్లు బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతుంటాయి కాబట్టి ఆర్డర్ చేసే నాటి రేటు చూసి మళ్లీ లెక్కేసుకోండి, వరస మాత్రం ఇదే. కొన్ని సైట్లు పన్నులు ముందే కలిపి చూపిస్తాయి, కొన్ని గుమ్మంలో అడుగుతాయి. "గిఫ్ట్ అని రాసి పంపిస్తాం" అనే అమ్మకందారును నమ్మొద్దు. గిఫ్ట్ పేరుతో పార్సిల్‌లో వచ్చే వస్తువులకు సుంకం మినహాయింపును 2019 డిసెంబరులోనే తీసేశారు. రాఖీలకు, ప్రాణాలు నిలిపే మందులకు మాత్రమే ఉంచారు.

డబ్బు కంటే నన్ను ఎక్కువగా ఆపేది మరొకటి. మెడ వంకర పోయిన గిటార్ వస్తే దాన్ని మళ్లీ జర్మనీకి ఎలా పంపుతారు? రవాణా ఖర్చు మీదే అయితే సగం గిటార్ ధర దానికే పోతుంది. కట్టిన సుంకం వెనక్కి తెచ్చుకోవడం ఇంకో పెద్ద ప్రహసనం. పైగా విజయనగరంలో గిటార్ తీగలు దొరకొచ్చు గానీ, ఫ్రెట్లు సరిచేసే మనిషి కోసం విశాఖ రైలెక్కాల్సి రావచ్చు. మీకు దగ్గర్లో బొబ్బిలి ఉంది, గొల్లపల్లిలో పనస దుంగలోంచి వీణలు తీసే చేతులున్నాయి నిజమే. కానీ వీణకు మెట్లను మైనంలో కూర్చుతారు, శృతి తేడా వస్తే మేళం, అంటే ఆ మెట్ల వరస, మళ్లీ కట్టించుకోవచ్చు. గిటార్ ఫ్రెట్లను చెక్కలో కోసిన గాడిలోకి దిగ్గొట్టేస్తారు. అవి అటూఇటూ కదలవు. ఎత్తుపల్లాలుంటే అరగదీయొచ్చు, ఆ పనికి వేరే పనిముట్లు, వేరే అలవాటు కావాలి.

కాబట్టి నా మాట ఇది. 14 వేల గిటార్ కొనొచ్చు. అయితే మన దేశంలోని అమ్మకందారు దగ్గరే, బిల్లుతో, వాపసు తీసుకుంటామన్న మాట రాతలో చూసుకున్నాకే. బ్రిడ్జి అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనుకునే భాగం; చేత్తో ఊపితే స్వరం వణికే ట్రెమోలో బ్రిడ్జి ఉన్నదైతే వద్దు. ఖరీదైన వాటిలో అది అందం, చవక వాటిలో నాలుగుసార్లు ఊపితే ఆరు తీగలూ శృతి తప్పుతాయి, కుర్రాడు వాయించడం మానేసి ట్యూనింగ్‌తోనే సాయంత్రం గడుపుతాడు. కదలని బ్రిడ్జి ఉన్నది చూడండి. రంగు, మెరుపు, తలకాయ ఆకారం వాడికి వదిలేయండి. నచ్చని రంగు గిటార్ మూల పడుతుంది, ఇది చిన్న విషయమేమీ కాదు.

ఇంకో సంగతి. ఎలక్ట్రిక్ గిటార్ ఒక్కటీ కొంటే ఇంట్లో వినిపించేది తీగల చిరుశబ్దమే. తీగ కింద ఉండే పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట. ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని పెద్దది చేసి స్పీకర్‌కు పంపే ఆంప్ ఉంటేనే అది గిటార్. అందుకే మీ బడ్జెట్ 14 వేలైతే గిటార్‌కు 14 పెట్టకండి. గిటార్, ఆంప్, బ్యాగ్ అన్నీ కలిపి కిట్‌గా అమ్మేవాటిలో ఆంప్ చాలాసార్లు డబ్బాలో పడ్డ కందిరీగలా మోగుతుంది. విడిగా 10 వాట్ల ప్రాక్టీస్ ఆంప్ కొనుక్కోవడం మేలు, లేదా కింద ఎచ్చెర్ల ప్రశ్నలో చెప్పిన కంప్యూటర్ దారి పట్టొచ్చు.

పెట్టె రాగానే విప్పడం వీడియో తీయించండి. మీ గుంటడికి ఈ పని అప్పజెప్పండి: మెడ పక్కన అరచేయి పెట్టి పైనుంచి కిందికి జరిపితే ఫ్రెట్ల అంచులు గీరుకుంటున్నాయా? ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీద నొక్కి మీటితే ఎక్కడైనా జుర్రుమంటోందా, స్వరం చచ్చిపోతోందా? ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి, తీగను వదిలేసి ఒకసారి, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి ఒకసారి మీటాలి. రెండూ అదే స్వరం చూపించాలి, రెండోది ఒక స్థాయి పైన. కొంచెం తేడా ఉంటే బ్రిడ్జి దగ్గర స్క్రూ తిప్పి సరిచేయొచ్చు. స్క్రూ చివరికంటా తిప్పినా కుదరకపోతే గిటార్ వెనక్కి పంపాల్సిందే. 12వ ఫ్రెట్ మీద తీగ ఎత్తు రెండు మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటే మంచిది. తర్వాత ఆంప్‌కు పెట్టి స్విచ్ అన్ని స్థానాలకూ జరపాలి, వాల్యూమ్ తిప్పాలి. కరకరలాడితే గుర్తు పెట్టుకోండి. ఇదంతా వాపసు గడువు లోపలే జరగాలి, పండక్కి విప్పుదాం అని అటక మీద పెట్టకూడదు.

ఒక మాట మన వాతావరణం గురించి కూడా. వానాకాలంలో చెక్క తేమ పీల్చి కాస్త ఉబ్బుతుంది, చలికాలంలో ఆరి ముడుచుకుంటుంది. మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. మెడ వంగితే ఎల్ ఆకారపు ఆలెన్ కీతో పావు చుట్టు తిప్పి, కాసేపు ఆగి చూడాలి. పావు చుట్టు కంటే ఎక్కువ ఒక్కసారి తిప్పితే మెడకు ముప్పు. సముద్రగాలికి తీగలు తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవడం అలవాటు చేయండి.

"నేను ఎచ్చెర్లలో చదువుతున్నాను. ఆంప్ కొనే స్తోమత లేదు. గిటార్‌ను ల్యాప్‌టాప్ మైక్ జాక్‌లో పెట్టి వాయించొచ్చా? బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి."

రెండూ పనికిరావు తమ్ముడూ. మైక్ జాక్ గిటార్ కోసం చేసింది కాదు. గిటార్ పికప్‌కు పది లక్షల ఓమ్‌ల చుట్టుపక్కల ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డుపడే గుణం) ఉన్న ఇన్‌పుట్ కావాలి, మైక్ జాక్‌లో అంత ఉండదు, దాంతో స్వరంలో పదును పోయి మందంగా వినిపిస్తుంది. బ్లూటూత్ అయితే శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పేసరికి చాలా ఇయర్‌ఫోన్లలో సెకనులో పదో వంతు దాటుతుంది. నువ్వు మీటిన తర్వాత ఎవరో మీటినట్టు ఉంటుంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ వాడు.

కొనాల్సింది ఒక చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె. దాని మీద ఇన్‌స్ట్రుమెంట్ అనో హై-జెడ్ అనో బటన్ ఉందా చూసుకో, లేకపోతే మైక్ జాక్ కథే మళ్లీ. కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ (విండోస్‌లో శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసుకో, అది లేకపోతే ఉచితంగా దొరికే ఏసియో4ఆల్. సెట్టింగ్స్‌లో బఫర్ సైజు అని ఉంటుంది, కంప్యూటర్ శబ్దపు ముక్కలను (శాంపిళ్లను) ఎన్నేసి పోగుచేసి పంపాలన్న లెక్క అది. సెకనుకు 48 వేల శాంపిళ్ల దగ్గర 128 బఫర్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం, 512 అయితే 10.7. వెళ్లడానికి, రావడానికి రెండుసార్లు లెక్కేసుకోవాలి. పది మిల్లీసెకన్లలోపు మొత్తం వస్తే వేళ్లకు తేడా తెలియదు, ఎందుకంటే ఆంప్ నుంచి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడినా గాలిలో శబ్దానికి అంత సమయమే పడుతుంది. 128తో మొదలుపెట్టు, టపటపమని శబ్దం తెగితే 256కు పెంచు.

ఆంప్ శబ్దానికి న్యూరల్ ఆంప్ మోడలర్ చూడు. ఉచితం, ఓపెన్ సోర్స్. నిజమైన ఆంప్‌ల ప్రవర్తనను మెషీన్ లెర్నింగ్‌తో నేర్పించిన ఫైళ్లను దాంట్లో వేసుకుని వాయించొచ్చు. వాయిస్తున్న వాళ్లు పంచుకున్న ఫైళ్లు బోలెడు. లినక్స్ వాడితే గిటారిక్స్ ఉంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ క్రాక్ కోసం వెతక్కు, దాంతో వైరస్ వస్తే ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ రిపోర్టు కూడా ఉంటుందిగా.

"ఆమదాలవలస నుంచి రాస్తున్నాను. ఆంప్ ఆన్ చేస్తే హుమ్‌మని మోత. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతోంది. గిటార్ పాడైందా? షాక్ కొడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది."

చెయ్యి పెడితే తగ్గడం మామూలే. తీగలను లోపల గ్రౌండ్‌కు కలుపుతారు, మీ శరీరం పట్టుకున్న మోత ఆ దారిన పోతుంది. సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట) పికప్ ఉన్న గిటార్లు మన 50 హెర్ట్జ్ కరెంటు మోతను ఎలాగూ పట్టుకుంటాయి. ఈ బాధ తప్పించడానికే 1950లలో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు చుట్టల హమ్‌బకర్ పికప్‌ను తయారుచేశాడు. గదిలో ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఉంటే ఫ్యాన్ ఆపి చూడండి, మోత సగం పడిపోవచ్చు.

షాక్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తీగలు ముట్టుకుంటే జిల్లుమంటే అది గిటార్ తప్పు కాదు, ఇంటి ఎర్తింగ్ తప్పో, ఆంప్ లోపల లోపమో. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్ను విరిచేసో, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టో వాడుతుంటే వెంటనే ఆపండి. కొన్ని పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో చూపించేదాకా ఆ ఆంప్ ముట్టొద్దు, ముఖ్యంగా ఇంకో చేత్తో మైకు పట్టుకోవద్దు.

"ఒక సైట్‌లో గిబ్సన్ లెస్ పాల్ 18 వేలకే ఇస్తున్నారు. తీసుకోమంటారా? (రాజాం)"

నకిలీ. గిబ్సన్ పేరుతో వచ్చే ఎలక్ట్రిక్ గిటార్లు అమెరికాలోనే తయారవుతాయి, ఆ ధరకు రావు. ఆ ఆకారమే కావాలంటే ఎపిఫోన్ చూడండి.

"మా అన్నయ్య అమెరికా నుంచి సంక్రాంతికి వస్తున్నాడు. ఆంప్ అక్కడ చవకట, తెమ్మననా? (టెక్కలి)"

ఆంప్ వెనక ఇన్‌పుట్ అన్న చోట ఏం రాసుందో ఫొటో తీసి పంపమనండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ప్లగ్ మార్చుకుని వాడొచ్చు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230కి పెట్టిన క్షణంలో కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ, దాని ధర, బరువు కలిపితే చవక ఏమీ మిగలదు. అన్నయ్యను మంచి తీగల సెట్లు తెమ్మనండి, చొక్కాల మధ్య పట్టేస్తాయి. ఎలక్ట్రిక్ గిటార్‌కు తీగల మందం 9 నుంచి 42 అని రాసున్న సెట్ వేళ్లకు తేలిక, గమకం లాగడానికి కూడా.