చలిలో కొండెక్కుతున్నావటగా

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వూ నీ ఫ్రెండూ ఈ చలిలో ఎవరూ పోని కొండల్లోకి నడకకి పోతున్నారట. వినగానే గుండె గుభేలుమంది, తర్వాత నవ్వొచ్చింది, మేనత్త పోలిక ఎక్కడికి పోతుందిలే అని. నిన్ను ఆపమని మీ అమ్మ గోల. ఆపను గానీ ఇది చివరిదాకా చదువు, సగంలో వదిలేసి ఓకే అత్తా అని మెసేజ్ పెట్టావంటే ఊరుకోను.

టార్చి, పేపర్ మ్యాప్, విజిల్ పెట్టుకో (ఆపదొస్తే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి). చలికి బ్యాటరీ దిగిపోతుంది, ఫోన్ లోపలి జేబులో ఉంచు. ఏ దారిన పోతున్నారో ఎన్నింటికి దిగుతారో ఇంట్లో రాసిచ్చి వెళ్ళు. 1000 మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైనే తగ్గుద్ది, గాలి కోత వేరే. కాటన్ మాత్రం ఒంటి మీద వద్దు, వద్దంటే వద్దు.

ఎందుకంటావా. పెళ్ళైన కొత్తలో మీ మామయ్యా నేనూ ఇలాగే పోయాం. మ్యాప్ ఎవరు పట్టుకోవాలని దార్లో గొడవ, ఆయన కోపంగా గబగబా ఎక్కేశాడు, కాటన్ చొక్కా చెమటకి ముద్దయిపోయింది. రెండింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలనుకున్నాం, తీరా పైన శిఖరం కనిపిస్తుంటే నేనే ఇంకో పావుగంట అన్నా, అది కాస్తా గంటన్నర అయింది. దిగేప్పుడు ఆయన మాట్లాడడే! ఏం అడిగినా ఊ అంటాడు. అలక అనుకున్నా. నువ్వలిగితే నాకేంటి అని నేనూ ముందు నడిచా, ఎంతసేపటికీ వెనక్కి తిరిగి చూళ్ళేదు. వెనకాల రాళ్ళు తన్నుకుంటున్న చప్పుడు, అదీ నా మీద కోపంతోనే అనుకున్నా. చివరికి తిరిగి చూసి జిప్పు వేసుకోమంటే వేళ్ళకి జిప్పు దొరకట్లేదు, మాట ముద్దగా వస్తోంది. వణుకు మాత్రం లేదు. పోన్లే వెచ్చబడ్డాడు అనుకున్నా చూడు, అదీ నా తెలివి. ఒంట్లో వేడి 35 డిగ్రీల కిందకి పడితేనే ప్రమాదం, 32 దగ్గరికొచ్చేసరికి వణికే ఓపిక కూడా పోద్దట.

మా అదృష్టం, పైనుంచి ఇద్దరు దిగుతున్నారు. వాళ్ళే బండ చాటుకి తీసుకెళ్ళి, తడి చొక్కా విప్పించి పొడి స్వెట్టరు తొడిగి, కింద బ్యాగులు పరిచి కూర్చోబెట్టి స్లీపింగ్ బ్యాగ్ చుట్టారు. నేను చేతులు రుద్దబోతే కసిరారు, రుద్దకూడదట.

మీరు పోయే చోట ఆ ఇద్దరు ఉండర్రా. అందుకే నాకు నిద్ర పట్టట్లేదు.

వాగుతూ నడవండి. వాడు మాట్లాడకపోతే ఆగి మొహం చూడు, ఏదైనా సినిమా కథ చెప్పమను, తడబడితే అక్కడే ఆగి బట్టలు మార్చు, శిఖరం సంగతి మర్చిపో. చెమట పట్టకముందే స్వెట్టరు తీసెయ్, ఆగగానే తొడుక్కో. గొడవలుంటే ఇంటికొచ్చాక తీరిగ్గా పడండి.

దిగగానే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. ఈ కథ రాశానని మామయ్యకి మాత్రం చెప్పకు, అలుగుతాడు.

అత్త