బర్బరులా, బెర్బర్లా?

సందేహం: '944లో బర్బరులు తిరగబడి కైరవాన్‌ను ముట్టడించి ఏలారు' అని ట్యునీషియా నగరం కైరవాన్ మీది ఒక వ్యాసంలో చదివాను. ఇక్కడ బర్బరులంటే క్రూరులనా, జాతి పేరా?

సమాధానం: జాతి పేరే. రాసినవారు బెర్బర్లనబోయి, చేతికందిన సంస్కృత పదం వాడేశారు. ఉత్తరాఫ్రికాలోని ఆ జాతివారు తమకు చెప్పుకునే పేరు అమజీగ్. బెర్బర్ అన్నది పరాయివారు పెట్టింది. గ్రీకులు తమ భాష రానివాణ్ణి 'బార్బరోస్' అన్నారు. అరబ్బీలో 'బర్బర' అంటే అర్థం కాకుండా గొణగడం. ఇందులో మనమూ తక్కువ తినలేదు. 'అరవం' అరుపు నుంచి వచ్చిందని నవ్వుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తమిళదేశంలోని అరువనాడు నుంచి వచ్చిందనడమే నాకు సబబుగా తోస్తుంది.

సంస్కృతంలో ఈ మాట కథ ఇంకా ముచ్చటైనది. ఋగ్వేదాన్ని ఎలా పలకాలో చెప్పే పాత గ్రంథం ఋక్ప్రాతిశాఖ్య. అది ఉచ్చారణ దోషాలను ఏకరువు పెడుతూ, రేఫ (ర ధ్వని) పలకడంలో వచ్చే ఒక దోషాన్ని 'బర్బరత' అంది. నాలుక సరిగా తిరగకపోవడం, అంతే! అందులో కత్తీ లేదు, నెత్తురూ లేదు. ఇప్పుడేమో పత్రికలకు ప్రతి హత్యా 'బర్బర చర్యే'. దారుణం, ఘోరం అన్న మాటలు అరిగిపోయాయా? ('కిరాతకం' కూడా ఒక జాతి పేరును తిట్టు చేసుకున్నదే. దాని సంగతి మరోసారి.) మహాభారతంలో బర్బరులు ఒక జనం; అమరకోశంలో బర్బరం ఒక ఓషధి. గ్రీకు మాటకూ సంస్కృత మాటకూ చుట్టరికం ఉందో, రెండుచోట్లా చెవి ఒకేలా విన్నదో పండితులు తేల్చలేదు. 'బరబరా ఈడ్చడం' వినేవాణ్ణి కనుక నేను రెండోదానివైపే మొగ్గుతాను.

ఇంతకీ అప్పట్లో అక్కడ ఏలుతున్న ఫాతిమీ వంశం మీద బెర్బర్లను కూడగట్టి తిరగబడి కైరవాన్‌ను పట్టుకున్న అబూ యజీద్ ఎవరు? పిల్లలకు చదువు చెప్పిన పంతులు. గాడిదనెక్కి తిరిగేవాడని 'గాడిదవాడు' అన్నారు. ఆయన్ను బర్బరుడంటే ప్రాతిశాఖ్యకారుడే ఒప్పుకోడు!

కైరవాన్‌కు మూలం పారశీక 'కార్వాన్', అంటే బిడారు; హైదరాబాదులోని కార్వానుదీ అదే పుట్టుక.

నేనైతే 'బెర్బర్లు' అని రాస్తాను. 'అమజీగ్‌లు' మరింత మర్యాద, కానీ ఎందరికి తెలుస్తుంది? పాత గ్రంథాల్లోని జనం గురించి చెప్పేటప్పుడు 'బర్బరులు' ఉండనివ్వండి.

ఆ వాక్యంలో 'ముట్టడించి' కూడా నాకు నచ్చలేదు. అబూ యజీద్ పట్టుకున్నది కైరవాన్‌ను. 945లో నెలల తరబడి ముట్టడించినది ఫాతిమీల రాజధాని మహదియాను, అది చిక్కలేదు. కలెక్టరాఫీసు గేటు ముందు గంటసేపు నినాదాలిచ్చినా 'ముట్టడి' అని రాసేవారికి ఈ తేడా ఎలా పట్టించడమో నాకు తోచడం లేదు.