బాపును తీసుకొని బ్యాంకాక్ పోతున్నాం, ఇన్సూరెన్స్ దండగేనా?

ప్రశ్న: మాది హన్మకొండ. మే నెలలో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ, బాపు, మొత్తం ఆరుగురం బ్యాంకాక్, పట్టాయా పోయి ఆరు రోజులు తిరిగి రావాలని టికెట్లు బుక్ చేసుకున్నాం. బాపుకు 67 ఏళ్లు, సింగరేణిలో చేసి రిటైర్ అయ్యారు. షుగర్, బీపీ ఉన్నాయి, మూడేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, రోజూ పొద్దున భద్రకాళి బండ్ మీద నడుస్తారు. ఇన్సూరెన్స్ సంగతి అడిగితే ట్రావెల్ ఏజెంట్ "మీ ఇష్టం సార్, కంపల్సరీ ఏం కాదు" అన్నాడు. మా బామ్మర్ది మూడుసార్లు అక్కడికి వెళ్లొచ్చాడు, ఒక్కసారి కూడా తీసుకోలేదట, "దండగ బావా, ఆ పైసలతోని పిల్లలకు ఇంకో షో చూపియ్యి" అంటున్నాడు. మాకు 10 లక్షల ఫ్యామిలీ హెల్త్ పాలసీ ఉంది, బాపుకు మెడికల్ కార్డు ఉంది. ఇది మళ్లీ వేరేగా తీసుకోవాలా?

జవాబు: తీసుకోండి తమ్ముడూ. ఆరుగురికీ తీసుకోండి. మీ బామ్మర్ది చెప్పింది అబద్ధమేం కాదు, మూడుసార్లు పోయి క్షేమంగా వచ్చిన మనిషికి అది దండగ అనే అనిపిస్తుంది. కానీ ఆయన వెంట స్టెంట్ వేసుకున్న పెద్దమనిషి లేడు కదా.

ఇన్సూరెన్స్ కావాలా వద్దా అని ఎవరు అడిగినా నేను ముందు ఒకటే అడుగుతాను, ఏ బిల్లు వస్తే మీరు అప్పు చేయాల్సి వస్తుంది అని. సూట్‌కేసు పోతే బాధే, అయినా నాలుగు రోజులు తిట్టుకుని మర్చిపోతాం. ఫ్లైట్ ఐదు గంటలు లేటైతే ఎయిర్‌పోర్టులో కూర్చుంటాం. పరాయి దేశంలో ఇంట్లో మనిషిని ఐసీయూలో పెట్టి, రోజు రోజుకూ పెరిగే బిల్లు చేతిలో పట్టుకుని, ఇక్కడ చుట్టాలకు ఫోన్లు చేసి డబ్బు పంపమని అడగడం మాత్రం ఏ ఇల్లూ మామూలుగా తట్టుకోలేదు. ఆ ఒక్క దాని కోసమే ఈ పాలసీ. బ్రోషర్‌లో లగేజీ, పాస్‌పోర్టు, ఫ్లైట్ డిలే అని పెద్ద అక్షరాల్లో రాసినవన్నీ పక్కన పెట్టి, వైద్య ఖర్చు ఎంత వరకు ఇస్తారు, అత్యవసరంగా మనిషిని ఇండియాకు తరలించే ఖర్చు ఇస్తారా, ఈ రెండే చూడండి. 50,000 డాలర్ల పాలసీ అంటే మన డబ్బులో నలభై లక్షల పైమాటే. వారం రోజుల ఆసియా ట్రిప్పుకు చిన్నవయసు వాళ్లకు ప్రీమియం సాధారణంగా వందల్లోనే ఉంటుంది, పెద్దవాళ్లకు కొంత ఎక్కువ పడుతుంది. ఆరుగురి విమానం టికెట్ల పక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

మీ దగ్గరున్న 10 లక్షల పాలసీ చాలా మంచిదే, ఆపేయకండి. కాకపోతే మన దగ్గర అమ్మే హెల్త్ పాలసీల్లో ఎక్కువ భాగం ఇండియాలో జరిగే చికిత్సకే పనిచేస్తాయి. ఈ మధ్య కొన్ని ఖరీదైన ప్లాన్లలో విదేశీ చికిత్స కూడా పెడుతున్నారు, మీది అలాంటిదేనేమో పాలసీ కాగితంలో 'భౌగోళిక పరిధి' అనే చోట చూసుకోండి. బాపు కార్డు కూడా ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లో చెల్లేదే తప్ప పట్టాయాలో చూపిస్తే ఎవరూ తీసుకోరు. కంపల్సరీ కాదన్న మాటకొస్తే, యూరప్ షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించకపోతే వీసానే ఇవ్వరు, అక్కడికి పోయేవాళ్లు ఇష్టం ఉన్నా లేకున్నా కొంటారు. మీ ఏజెంట్ 'మీ ఇష్టం' అన్నాడంటే వీసాకు ఆ కాగితం అడగరని అర్థం, అవసరం లేదని కాదు.

ఇప్పుడు అసలు సంగతి, బాపు స్టెంట్. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

నేను చాలా ఏళ్లు ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిమ్‌ల టేబుల్ దగ్గర పనిచేశాను. ఒకాయన ఫైలు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. తండ్రిని తీసుకొని విదేశం పోయాడు, అక్కడ తండ్రికి ఛాతీలో నొప్పి వచ్చి అడ్మిట్ చేశారు, బిల్లు సొంతంగా కట్టి వచ్చి క్లెయిమ్ పెట్టాడు. కాగితాలన్నీ వరసగా పిన్ చేసి, బిల్లులకు నంబర్లు వేసి, ఎంత పద్ధతిగా తెచ్చాడో. డిస్చార్జ్ సమ్మరీ మొదటి పేజీలో, వయసు రాసిన లైను కింద, 'ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్న పేషెంట్' అని అక్కడి డాక్టరు రాశాడు. ఏ డాక్టరైనా అడ్మిట్ చేసుకోగానే ఎన్నేళ్ల నుంచి ఉందని అడుగుతాడు, ఆ టెన్షన్‌లో మనం నిజమే చెప్తాం, చెప్పాలి కూడా. కానీ పాలసీ తీసుకున్నప్పుడు నింపిన ఫారంలో 'పాత జబ్బులు ఏమైనా ఉన్నాయా' అన్న గడిలో 'లేవు' అని టిక్కు ఉంది. ఆ టిక్కు కొడుకు పెట్టింది కాదు, ఏజెంటు పెట్టింది, ప్రీమియం పెరుగుతుందని. కింద సంతకం మాత్రం కొడుకుదే. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని ఆయన నా ముందు కూర్చున్న తీరు తలచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది. క్లెయిమ్ రాలేదు.

అందుకే ఫారం ఏజెంటు చేతికి ఇచ్చి "మీరే నింపండి" అనకండి. ఫోన్‌లో కొన్నా సరే, మీరే కూర్చుని, షుగర్ ఎప్పటి నుంచి, బీపీ ఎప్పటి నుంచి, స్టెంట్ ఏ నెలలో వేశారు, ఏ మందులు వాడుతున్నారు, అన్నీ ఉన్నది ఉన్నట్టు రాయండి. అప్పుడు మూడింట్లో ఒకటి జరుగుతుంది. కంపెనీ బాపుకు ఇవ్వమని చెప్పొచ్చు, అప్పుడు ఇంకో కంపెనీని అడగండి. గుండె సంబంధమైనది తప్ప మిగతావి ఇస్తామనొచ్చు. లేదా పాత జబ్బు వల్ల ప్రాణం మీదికొస్తే అత్యవసర చికిత్సకు ఫలానా మొత్తం వరకు ఇస్తామనొచ్చు. మీకు కావాల్సింది ఈ మూడోది. ఆ మొత్తం ఎంతో పాలసీ కాగితం మీద అంకెల్లో ఉండాలి, "ఉంటది సార్, నేను చూసుకుంటా" అన్న మాట లెక్కలోకి రాదు. రెండో రకం మాత్రమే దొరికినా వదిలేయకండి, ఎందుకంటే ఆ వయసులో హోటల్ బాత్రూంలో జారి పడటం, తిండి పడక వాంతులు, విరేచనాలు కావడం గుండెపోటు కన్నా మామూలుగా జరిగేవి, వాటికి అది పనికొస్తుంది. ఇంకో మాట, అరవై దాటిన వాళ్లకు చాలా పాలసీల్లో గది అద్దె ఇంత, ఆపరేషన్ ఇంత అని లోపల పరిమితులు పెడతారు. పైన 50,000 డాలర్లు అని ఉన్నా లోపలి పరిమితి తక్కువ ఉంటే అంతే ఇస్తారు. అమ్మకూ బాపుకూ ఆ పేజీ తప్పకుండా చదవండి.

టికెట్లు బుక్ అయ్యాయి కాబట్టి పోయే ముందు బాపును గుండె డాక్టరుకు ఒకసారి చూపించి, ప్రయాణానికి ఇబ్బంది లేదని రాయించుకోండి. మందులు చెకిన్ లగేజీలో వద్దు, చేతి సంచిలో, ప్రిస్క్రిప్షన్‌తో పాటు, రెండు మూడు రోజులవి ఎక్కువ పెట్టుకోండి.

పట్టాయాలో మీ పిల్లలు పారాసెయిలింగ్ అంటారు, మీరు స్కూటీ అద్దెకు తీసుకుందామంటారు. ఇలాంటి సాహస ఆటలు చాలా పాలసీల్లో ఉండవు, అదనపు కవర్ తీసుకోవాలి. స్కూటీకి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు, అందులో టూవీలర్ కూడా ఉండాలి. అది లేకుండా బండి నడిపి కింద పడితే, లేదా తాగి పడితే, కంపెనీ పైసా ఇవ్వదు. పర్మిట్ లేకపోతే బండి జోలికి పోకండి, అక్కడ ట్యాక్సీలు బాగానే దొరుకుతాయి.

పాలసీలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇళ్లలో ఒకరికి ఇంటిపేరు ముందు, ఒకరికి వెనక, ఒకరికి ఉత్త ఇనిషియల్ ఉంటుంది కాబట్టి ఆరు పాస్‌పోర్టులు ముందు పెట్టుకుని సరిచూడండి. తేదీల విషయంలో చాలామంది పొరపాటు పడేది అర్ధరాత్రి ఫ్లైట్ల దగ్గర. ఒంటిగంటకు ఫ్లైట్ ఉంటే ముందు రోజే ఇల్లు దాటుతాం, తిరిగొచ్చేది తెల్లారి అవుతుంది, అందుకే వెనక ఒక రోజు ఎక్కువ పెట్టి తీసుకోండి. ఇండియా దాటక ముందే కొనాలి, అక్కడికి పోయాక గుర్తొస్తే సాధారణంగా ఇవ్వరు. ఆ వైద్య కవర్ కూడా దేశం దాటాకే మొదలవుతుంది. శంషాబాద్ పోయే దారిలో రఘునాథపల్లి దగ్గర ఏదైనా జరిగితే మీ హెల్త్ పాలసీయే దిక్కు, ఆ కార్డు కూడా జేబులో ఉండాలి. దారిలో ట్రాఫిక్ వల్ల ఫ్లైట్ మిస్సయితే చాలా పాలసీలు ఒప్పుకోవు కాబట్టి ఇంట్లోంచి తొందరగా బయల్దేరడమే దానికి మందు.

అక్కడ ఎవరికైనా బాగాలేకపోతే, ఆసుపత్రికి పోతూ పోతూనే పాలసీ మీద ఉన్న 24 గంటల నంబరుకు ఫోన్ చేయండి. ముందే చెప్తే ఆసుపత్రితో వాళ్లే మాట్లాడి నేరుగా డబ్బు కట్టే అవకాశం ఉంటుంది, మూడో రోజు చెప్తే మీరు కట్టి, ఇక్కడికొచ్చి తిరగాలి. ఆ నంబరు, పాలసీ నంబరు ఒక చిన్న కాగితం మీద రాసి బాపు జేబులో, అమ్మ పర్సులో, మీ భార్య ఫోన్‌లో పెట్టండి, ఎందుకంటే ఆ టైముకు పక్కన ఎవరు ఉంటారో మనకు తెలియదు. మామూలు జ్వరానికి డాక్టరు దగ్గరికి పోతే వచ్చే చిన్న బిల్లు మీరే పెట్టుకోవాల్సి రావొచ్చు, మొదటి 50 డాలర్లో 100 డాలర్లో మనమే భరించాలని చాలా పాలసీల్లో ఉంటుంది. బిల్లులు, డిస్చార్జ్ సమ్మరీ, బోర్డింగ్ పాస్ ఏవీ పారేయకండి.

అన్నీ సరిగ్గా చెప్పినా క్లెయిమ్ తిప్పి కొడితే ఊరుకోకండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, ఏడాది లోపల పోవాలి. 50 లక్షల వరకు కేసులు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ప్రశ్న: మేము కాజీపేట నుంచి రైల్లో కాశీకి పోతున్నాం. టికెట్ బుక్ చేసేటప్పుడు 45 పైసల ఇన్సూరెన్స్ కావాలా అని అడుగుతోంది. ఇంత తక్కువకు నిజంగా ఏమైనా ఇస్తారా?
ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: ఇస్తారమ్మా, కావాలి అనే నొక్కండి. రైలు ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు, పాక్షిక వైకల్యానికి 7.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 2 లక్షల వరకు ఉంటుంది. కాకపోతే ఐఆర్‌సీటీసీ సైటులో, యాప్‌లో చేసిన టికెట్లకే, స్టేషన్ కౌంటర్ టికెట్‌కు రాదు. బుక్ అయ్యాక ఫోన్‌కు ఒక లింకు వస్తుంది, చాలామంది దాన్ని చూడకుండా వదిలేస్తారు. అందులో నామినీ పేరు నింపండి, లేకపోతే ఇంట్లో వాళ్లు వారసులమని నిరూపించుకునే కాగితాల కోసం తిరగాల్సి వస్తుంది. కాశీలో జ్వరమొస్తే, రైల్లో బ్యాగు పోతే ఇది పనికిరాదు. మీ మామూలు హెల్త్ పాలసీ కార్డు వెంట పెట్టుకోండి.

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తారు. పోయేటప్పుడు 275 రూపాయల ప్రవాసీ బీమా తీసుకున్నారు. సెలవుల్లో నేను, బాబు 20 రోజులు ఆయన దగ్గరికి పోతున్నాం. ఆ బీమా మాకూ వర్తిస్తుందా?
ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: లేదు చెల్లె. ప్రవాసీ భారతీయ బీమా యోజన పనికోసం పోయే కార్మికుల కోసం పెట్టింది, ప్రమాదంలో చనిపోతే, పూర్తి వైకల్యం వస్తే 10 లక్షలు. మీరు విజిట్ మీద పోతున్నారు కాబట్టి అక్కడ మీకు జబ్బు చేస్తే అది ఖర్చు పెట్టదు, ఆయనకు అక్కడి కంపెనీ ఇచ్చిన హెల్త్ కార్డు కూడా సాధారణంగా ఆయన వరకే ఉంటుంది. వీసా చేయించిన వాళ్లు ఇన్సూరెన్స్ కలిపే ఇచ్చామని అంటే, ఆ కాగితం అడిగి తీసుకుని వైద్య ఖర్చు ఎంత వరకు ఉందో చూడండి. ఏమీ లేకపోయినా, ఉన్నది మరీ తక్కువైనా ఇక్కడే మీ ఇద్దరికీ 20 రోజులకు విడిగా తీసుకోండి. మీ ఆయన బీమా రెండేళ్లకే కదా, ఆ గడువు ఎప్పుడు తీరుతుందో ఈసారి పోయినప్పుడు కాగితం తీయించి చూడండి, తీరిపోతే వెంటనే రెన్యూ చేయించండి.