50 వేలతో ఇంటి నుంచి వ్యాపారం: పచ్చళ్లా, కుర్తీలా, నగలా, పొడులా?

కూకట్‌పల్లిలో ఫ్లాటు, చేతిలో 50 వేలు, పిల్లలు స్కూలుకెళ్లాక దొరికే నాలుగు గంటలు. పచ్చళ్లు, కుర్తీలు, నగలు, పొడుల్లో ఏది మొదలుపెట్టాలి, బెంగళూరులో ఉన్న చెల్లెలి ఫ్రెండ్స్‌కి కూడా అమ్మొచ్చా అని మీ ప్రశ్న. నా ఓటు పొడులకే.

ఏది బాగా అమ్ముడుపోతుందని అందరూ అడుగుతారు. హైదరాబాద్‌లో నాలుగూ పోతాయండీ. పోకుండా మిగిలిన సరుకు మీ ఇంట్లో ఏమవుతుందన్నది చూసుకోండి.

కుర్తీలు హోల్‌సేల్‌లో మామూలుగా సెట్టు లెక్కన ఇస్తారు. నాలుగు సైజులు, మూడు రంగులు అంటే ఒక్క డిజైనుకే 12 పీసులు. పది డిజైన్లైనా లేకపోతే ఇంటికొచ్చినవాళ్లకి చూపించడానికేం ఉండదు. అంటే 120 పీసులు, పీసు 300 వేసుకున్నా 36 వేలు. అడిగే సైజులు ముందే అయిపోతాయి, మీ డబ్బంతా ఎవరూ అడగని సైజుల్లో ఇరుక్కుంటుంది. బట్టలే కావాలనుకుంటే మదీనా, పత్తర్‌గట్టి వైపు వెళ్లి చీరలు చూడండి, సైజు గొడవుండదు. నగల్లో గాజులదీ ఇదే సైజుల తంటా: 2.4, 2.6, 2.8. ఇక పూత నగలు చెమట, సెంటు తగిలి నల్లబడితే కొన్నావిడ మీ తలుపే కొడుతుంది.

ఆవకాయ త్వరగా చెడదు, నిజమే. కానీ కాయ దొరికేది ఎండాకాలంలోనే. ఏడాది సరుకుకు కాయ, నూనె, కారం, ఆవపిండి అన్నీ ఒకేసారి కొనాలి. డబ్బు మాత్రం ఏడాది పొడవునా చుక్కచుక్కగా వస్తుంది. పైగా కొరియర్‌లో నూనె కారుతుంది, గాజు సీసా అయితే బరువు. పచ్చళ్లు రెండో ఏడాది చేయొచ్చు.

పొడి వారానికోసారి చేసుకోవచ్చు, మిగిలినా ఇంట్లోనే తినొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, పావుకిలో తీసుకున్న ఇల్లు రెండు మూడు వారాల్లో మళ్లీ అడుగుతుంది.

కిలో కందిపొడికి లెక్క ఇలా వేసుకోండి, ధరలు మీరు కొనే రోజువి పెట్టుకుని. కందిపప్పు 600 గ్రాములు (కిలో 130 అనుకుంటే) 78, పుట్నాలు 200 గ్రాములు 24, ఎండుమిర్చి 100 గ్రాములు 25, జీలకర్ర 30 గ్రాములు 9, వెల్లుల్లి, ఉప్పు కలిపి 11. మొత్తం 147. స్టవ్వుకీ మిక్సీకీ కరెంటు 15. పావుకిలో పౌచ్‌లు నాలుగు, లేబుల్‌తో సహా 32. దాదాపు 195 అయింది. చాలామంది ఇక్కడే ఆపి, 300కి అమ్మితే వంద లాభం అనుకుంటారు. మీ కూలి ఏది? ఐదు కిలోలకి నాలుగు గంటలు పడుతుంది. గంటకి వంద వేసుకున్నా కిలోకి 80. అసలు ఖర్చు 275.

పావుకిలో 120 పెడితే కిలోకి 480. ఇప్పుడు కాలనీలో కిరాణా కొట్టాయన 30 శాతం కమీషన్ అడిగాడనుకోండి, మీ చేతికొచ్చేది 336. ఇంకా 61 మిగిలింది కాబట్టి ఈ సరుకు నిలబడుతుంది. ఏ సరుకైనా ఈ 30 శాతం పోటు తట్టుకోకపోతే వదిలేయండి. తెలిసినవాళ్లకి నేరుగా అమ్మినంతకాలం బాగానే కనిపిస్తుంది, కొట్టుకి ఇచ్చిన రోజున నష్టం బయటపడుతుంది.

పొడి పాడయ్యేది ఎక్కువగా తేమవల్లే. కరివేపాకు వడలేదాకా కాదు, గలగలలాడేదాకా వేయించాలి. వెల్లుల్లి పచ్చిగా వేస్తే వానాకాలంలో ఉండకడుతుంది, తడి ఆరేలా వేయించి వేయండి. ఎండుకొబ్బరి వేసిన పొడి త్వరగా కంపు కొడుతుంది, అమ్మకానికి చేసేదాంట్లో వద్దు. పప్పు వేడిమీద మిక్సీ పట్టొద్దు. పొడి వెడల్పాటి పళ్లెంలో పూర్తిగా చల్లారాకే పౌచ్‌లో పోయండి, లేదంటే లోపల ఆవిరి పట్టి చుక్కలు కడుతుంది. పోసేటప్పుడు కాగితం గరాటు వాడండి. సీలు పడేచోట పొడి అంటుకుంటే అతకదు, కాబట్టి పౌచ్ మూతి లోపల పొడిగుడ్డతో తుడిచి అప్పుడు సీలింగ్ మెషిన్‌లో పెట్టండి. సీలేశాక అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. గాలి బుస్సుమంటే మళ్లీ వేయాల్సిందే.

50 వేలూ ఒక్కసారి దింపొద్దు. బేగంబజార్, ఉస్మాన్‌గంజ్‌లో పప్పు, మిర్చి, పౌచ్‌లు అన్నీ దొరుకుతాయి. మొదట ఐదు కిలోలకే తెచ్చుకోండి. వచ్చే 20 ప్యాకెట్లను 20 వేర్వేరు ఇళ్లకి, డబ్బు తీసుకునే ఇవ్వండి. ఊరికే ఇస్తే అందరూ బ్రహ్మాండం అంటారు, ఆ మాట ఎందుకూ పనికిరాదు. నెలలోపు మీరు గుర్తుచేయకుండానే ఆరేడు ఇళ్లు మళ్లీ అడిగితే కొనసాగించండి. ఇద్దరే అడిగితే కారమో, ఉప్పో, ధరో సరిచేసి ఇంకో ఐదు కిలోలు. రెండు రకాలు నిలబడేదాకా మూడోది మొదలుపెట్టొద్దు.

తినే సరుకు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆన్‌లైన్‌లో వాళ్ల ఫోస్కోస్ సైట్‌లో చేసుకోవచ్చు. అక్కడ వచ్చే 14 అంకెల నంబరు, పదార్థాలు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలో, మీ చిరునామా, ఫోన్ నంబరు లేబుల్ మీద ఉండాలి. ఇంటి గ్యాస్ సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు, ఇండక్షన్ స్టవ్ పెట్టుకోండి. బెంగళూరులో ఉన్న మీ చెల్లెలి ఫ్రెండ్స్‌కి అమ్ముతానన్నారుగా, పౌచ్‌లో సీలేసి లేబులంటించిన పొడి రాష్ట్రం దాటించి అమ్మాలంటే టర్నోవర్ (మొత్తం అమ్మకాలు) ఎంత తక్కువైనా జీఎస్టీ నంబరు కావాలి. అందుకే మొదటి ఆరు నెలలూ కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ దాటకండి.